క్లద్రుబి పచ్చికలో చూడవలసినది ఏమిటి?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఎగతాళి నవ్వు కాదండీ, నా మొదటి ప్రయాణం గుర్తొచ్చి. ప్రాగ్‌లో ఉంటున్న మీరు పిల్లలతో ఒక శనివారం క్లద్రుబి వెళ్ళారు. బల్లపరుపు పచ్చిక, తెల్ల కంచెలు, పసుపు గోడల గుర్రపుశాలలు, నాలుగు తెల్ల గుర్రాలు చూశారు. రెండు గంటల్లో అయిపోయింది. "దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో ఎందుకు పెట్టారు? మేమేమైనా చూడకుండా వచ్చేశామా?" అని అడిగారు. చూడకుండా వచ్చారనే నా సమాధానం. తప్పు మీది కాదు. అక్కడ చూడవలసిన దానిమీద మీరు నడిచే వచ్చారు, అది కాళ్ళ కింద ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

నా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈయనకెలా తెలుసు అనిపిస్తుంది. నేను పశువైద్యుడిని. పుణె వైపు పందెపు గుర్రాలను పెంచే చోట్ల చాలా ఏళ్ళు పనిచేశాను. మా అమ్మాయి బ్ర్నోలో స్థిరపడటంతో ఏటా రెండు మూడు నెలలు చెక్ దేశంలో గడుపుతాను. వచ్చినప్పుడల్లా ఒకసారైనా క్లద్రుబి వెళ్తాను. మా తాతగారికి గుడివాడలో జట్కా ఉండేది. స్టేషను నుంచి బరువులు లాగి లాగి డొక్కలెండిన ఆ గుర్రాన్ని చూసి పెరిగినవాడిని కాబట్టి, బండి లాగే గుర్రానికి ఇంత రాజభోగం ఎందుకు దక్కిందన్న కుతూహలం నాకు వృత్తికి ముందునుంచే ఉంది.

మొదటి ప్రయాణంలో నేను అసలు క్లద్రుబికే చేరలేదు. ఫోనులో ఊరి పేరు ఒక్కటే కొట్టి బయల్దేరితే, ప్రాగ్‌కు పడమటగా, జర్మనీ సరిహద్దు దారిలో ఉన్న ఇంకో క్లద్రుబికి తీసుకెళ్ళింది. అక్కడ గొప్ప పాత మఠం ఒకటుంది, చూడదగ్గదే, కానీ గుర్రం మాత్రం కనబడలేదు. మనకు ఎన్ని కొత్తపల్లులున్నాయో అక్కడ అన్ని క్లద్రుబిలు. గుర్రాలది "క్లద్రుబి నద్ లబెమ్", అంటే లబె ఒడ్డున ఉన్న క్లద్రుబి. జర్మన్లు ఎల్బే అనే నదినే చెక్కులు లబె అంటారు. ప్రాగ్‌కు తూర్పున, పార్దుబిత్సె నగరానికి కొంచెం ఇవతల ఉంటుంది.

ఇక అసలు విషయం. జాబితాలో నమోదైనది గుర్రపుశాల కాదు, గుర్రమూ కాదు. 2019లో బాకూలో జరిగిన సమావేశంలో చేరింది 1,310 హెక్టార్ల భూమి, అంటే 3,200 ఎకరాలకు పైమాట. మన జైపూర్ నగరం జాబితాలోకి వచ్చింది కూడా ఆ సమావేశంలోనే. దాని అధికారిక నామాన్ని తెలుగులో చెప్పుకుంటే "ఉత్సవ బండ్ల గుర్రాల పెంపకానికీ శిక్షణకూ ఏర్పడిన భూదృశ్యం" అవుతుంది. పచ్చికలు, గడ్డి కోసే పొలాలు, అడవి ముక్క, కాలువ, బాటలు, చెట్ల వరుసలు, వాటి మధ్య కోట, చర్చి, శాలలు, అన్నీ కలిపి ఒకే పనిముట్టు. మన రామప్పకు 2021లో అదే జాబితాలో చోటు దక్కినప్పుడు ఎవరికీ వివరణ అక్కర్లేకపోయింది. రాతి మదనికను ఒక్కసారి చూపిస్తే చాలు. ఇక్కడ చూపించడానికి శిల్పం లేదు, పని ఉంది. ఆ పని ఏమిటో తెలియకపోతే మీకు కనిపించినట్టే గడ్డి మాత్రమే కనిపిస్తుంది.

ఆ పని నెమ్మదిగా నడవడం!

వియన్నాలో షోన్‌బ్రున్ రాజప్రాసాదం పక్కన పాత రాజరథాల మ్యూజియం ఉంది. ఎప్పుడైనా వెళ్తే అక్కడి చక్రవర్తి రథం ముందు కొంచెంసేపు నిలబడండి. నిలువెల్లా బంగారు పూతతో, బొమ్మలతో ఉండే ఆ బండి బరువు సుమారు 4 టన్నులు. దాన్ని ఎనిమిది తెల్ల గుర్రాలు, నాలుగు జతలుగా, అడుగులో అడుగు వేస్తూ లాగేవి. పరుగు పెట్టించే ప్రసక్తే లేదు. పట్టాభిషేకానికో, పెళ్ళికో, నగర ప్రవేశానికో బయల్దేరిన చక్రవర్తిని జనం తీరిగ్గా చూడాలి. గుర్రం మెడ ఎత్తి, మోకాళ్ళు పైకెత్తి, తొందర లేకుండా, బెదరకుండా, పక్క గుర్రంతో లయ తప్పకుండా నడవాలి. ఇలాంటి నడక సంతలో కొంటే దొరకదు. తరాల తరబడి ఏరి ఏరి కలిపితే పుడుతుంది, ఏళ్ళ తరబడి నేర్పితే నిలుస్తుంది. ఆ ఏరడానికీ నేర్పడానికీ పెట్టుకున్న స్థలం క్లద్రుబి.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. ఆ ప్రాంతమంతా పెర్న్‌స్టెయిన్ అనే సంపన్న కుటుంబానిది. చేపల చెరువులు, కాలువలు తవ్వించి నీళ్ళతో డబ్బు చేసుకున్నవాళ్ళు. తర్వాతి తరం అప్పుల్లో పడి 1560లో పార్దుబిత్సె ఎస్టేటును వియన్నా నుంచి ఏలే హాప్స్‌బర్గ్ రాజకుటుంబానికి అమ్ముకుంది. ఆ కుటుంబంలోని మాక్సిమిలియన్ యువకుడిగా స్పెయిన్‌లో పాలన చూసి వచ్చినవాడు, అక్కడి గుర్రాల మీద మోజు పడ్డవాడు. 1563 నుంచి క్లద్రుబిలో స్పానిష్ గుర్రాల పెంపకం మొదలైంది. అతని కొడుకు రెండవ రుడాల్ఫ్ బాల్యంలో ఎనిమిదేళ్ళు స్పెయిన్ ఆస్థానంలోనే పెరిగాడు. అతను 1579లో దీన్ని ఆస్థాన అశ్వక్షేత్రంగా ప్రకటించాడు. ఆ ఏడు నుంచి లెక్క వేసుకుంటే నాలుగున్నర శతాబ్దాలుగా ఆ నేల మీద ఒకే రకం పని జరుగుతోంది.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. రుడాల్ఫ్ ఆ ప్రకటన చేసిన మరుసటి ఏడే, 1580లో, అతని బాబాయి చార్లెస్ ఇప్పటి స్లొవేనియాలోని లిపిత్సాలో ఇంకో అశ్వక్షేత్రం పెట్టాడు. అక్కడికీ స్పానిష్ గుర్రాలే వచ్చాయి. అదే కుటుంబం, అదే కాలం, దాదాపు అదే రక్తం. కానీ లిపిత్సాది సున్నపురాతి పీఠభూమి. మట్టి తక్కువ, నీరు తక్కువ, ఎక్కడ చూసినా రాళ్ళు. అక్కడ తయారైనది లిపిజ్జానర్. భుజం దగ్గర 155 సెంటీమీటర్ల ప్రాంతం, గట్టి గిట్టలు, బిగువైన ఒళ్ళు. సవారీ విన్యాసాలతో వియన్నాలో పేరు తెచ్చుకున్న తెల్ల గుర్రం అదే. క్లద్రుబిది నది పక్క మైదానం, ఇసుక నేల, పచ్చిక. అక్కడ తయారైనది 165, 170 సెంటీమీటర్ల ఎత్తు, వెడల్పాటి ఛాతీ, నిటారుగా లేచిన మెడ, చిలక ముక్కులా వంపు తిరిగిన ముఖం ఉన్న భారీ బండి గుర్రం. మనుషులు ఏరిన తీరు వేరు, నిజమే. కానీ ఏరడానికి ముడిసరుకు ఇచ్చింది నేల. పశువైద్యుడిగా ఈ రెండు చోట్లా గిట్టలు పట్టుకుని చూస్తే నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

ఆ వంపు ముక్కు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మీ అబ్బాయి "ఈ గుర్రం ముఖం వాచిందా" అని అడిగాడని రాశారు. వాపు కాదు. బరోక్ కాలంలో, అంటే పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో, గుర్రానికి అదే అందం. అప్పటి రాజులు కూర్చున్న గుర్రాల చిత్రాల్లో, కంచు విగ్రహాల్లో అదే ముఖం కనిపిస్తుంది. తర్వాత ఇంగ్లిష్ పందెపు గుర్రాల మోజు యూరప్‌ను ముంచెత్తి ముఖాలన్నీ తిన్నగా, సన్నగా మారిపోయాయి. క్లద్రుబి మాత్రం పాత ముక్కును పట్టుకుని వేలాడింది. అక్కడికి వంద మైళ్ళు కూడా పోనక్కర్లేదు, పక్కనున్న పార్దుబిత్సెలో 1874లో మొదలైన, గుర్రాలు అడ్డంకులు దూకే పందెం చూస్తే అటు వేగానికి ఎంత గిరాకీ ఉందో తెలుస్తుంది. ఒక జిల్లాలోనే రెండు లోకాలు.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. మీరు నడిచిన ఆ పొడుగాటి చెట్ల బాట గుర్తుందా? "బోరు కొట్టింది, మలుపు కూడా లేదు" అన్నారు. మలుపు లేకపోవడమే దాని గుణం. ఎనిమిది గుర్రాలు పూన్చిన బండి, మొదటి జత ముక్కు నుంచి వెనక చక్రం దాకా దాదాపు ఇరవై మీటర్లు వస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్న గుర్రాలతో దాన్ని మలుపు తిప్పడమంటే కత్తిమీద సామే. ముందు ఒక గుర్రం, తర్వాత జత, తర్వాత నాలుగు, ఇలా పెంచుకుంటూ పోయేటప్పుడు తిన్నగా, చదునుగా, పొడుగ్గా ఉండే దారి కావాలి. అందులో గుర్రానికి దృష్టి మళ్ళించేది ఏదీ ఉండకూడదు, పగ్గాలు పట్టినవాడికి జతల మధ్య తేడా కనిపించాలి. చెట్లు సమానమైన ఎడంతో ఉంటాయి. నేను అక్కడ బెంచీ మీద కూర్చుని ఒక జట్టు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఎన్ని అడుగుల్లో వస్తుందో లెక్కపెట్టేవాణ్ణి. బాగా కుదిరిన జట్టుకు ఆ సంఖ్య మొదటి చెట్టు దగ్గర ఎంతో పదో చెట్టు దగ్గరా అంతే. కుదరని జట్టయితే ఎడమవైపు గుర్రం ఒక అడుగు ఎక్కువ వేస్తుంది, పగ్గం సాగుతుంది, బండి ఇరుసు దగ్గర చిన్న కిర్రుమనే శబ్దం వస్తుంది.

ఇంకొకటి గమనించండి, ఆ బాటలో మెత్తగా ఇసుక ఉన్నచోట గిట్టల చప్పుడు రాదు. జట్కా చప్పుడుకు అలవాటుపడిన చెవికి అది వింతగా ఉంటుంది. నాలుగు భారీ గుర్రాలు మీ పక్కనుంచి వెళ్తుంటే వినిపించేది ముక్కుల బుసలు, తోలు పట్టీల రాపిడి, ఇత్తడి బకిళ్ళ గలగల మాత్రమే. కాళ్ళకు దెబ్బ తగలకుండా ఎదిగే గుర్రప్పిల్లలకు ఇంతకంటే మంచి నేల లేదు. మోకాళ్ళు ఎత్తి ఎత్తి వేసే గుర్రానికి ప్రతి అడుగూ కిందికి గట్టిగా దిగుతుంది. రాతి మీద అయితే కీళ్ళు త్వరగా అరుగుతాయి.

అలా అని ఇసుకనేల వరమే అనుకోకండి. పొట్టి గడ్డిని కొరికే గుర్రం గడ్డితో పాటు ఇసుకనూ మింగుతుంది. అది పేగులో పేరుకుని కడుపునొప్పి తెస్తుంది. గుర్రానికి కడుపునొప్పి అంటే మనిషికి వచ్చినట్టు కాదు, ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని గడ్డి పొట్టిగా అయ్యేదాకా ఒకేచోట మేపకూడదు, పచ్చికలు మారుస్తూ ఉండాలి. మీకు "ఖాళీగా పడి ఉన్నాయి" అనిపించిన కంచె ముక్కలు ఖాళీవి కావు, వాటి వంతు కోసం ఎదుగుతున్నవి. రెండో ఇబ్బంది, ఇసుక నీటిని నిలవనివ్వదు. వాన పడ్డ రెండు రోజులకే పైపొర పొడిబారుతుంది. 600 కిలోల గుర్రం రోజుకు పది పన్నెండు కిలోల ఎండుగడ్డి తింటుంది, ముప్పై నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. వందల గుర్రాలకు చలికాలమంతా సరిపడే గడ్డి ఆ ఇసుకలోనే పండాలి. అందుకే కాలువ వచ్చింది. లబె నుంచి మళ్ళించిన ఆ పాత పాయ పచ్చికల మధ్యగా పారుతుంది. కోనసీమ కాలువగట్ల మీద పెరిగినవాళ్ళెవరికైనా చెప్పనక్కర్లేదు, చదును భూమిలో నీటిని ఒక జానెడు వాలుతో నడిపించడం ఎంత లెక్క ప్రకారం జరగాలో. మీరు దాన్ని చూసి "చిన్న వాగు" అన్నారు. ఆ వాగు లేకపోతే ఆ గడ్డి లేదు, గడ్డి లేకపోతే వియన్నాలో ఊరేగింపు లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ పని నేలకు కొంచెం సింగారం కూడా చేశారు. అప్పటికి ఇంగ్లిష్ తోటల మోజు యూరప్‌లో బాగా ఉంది. కాలువ పాయ వెంట ప్రకృతి ఉద్యానంలా మొష్నిత్సె అనే చెట్ల వనం వచ్చింది. ఒకవైపు గీత గీసినట్టున్న బాటలు, ఇంకోవైపు వంపులు తిరిగిన నీరు, గుంపులు గుంపులుగా ఓక్ చెట్లు. పంట, మేత, నీరు అన్నీ పనిచేస్తూనే కంటికి ఇంపుగా ఉండేలా తీర్చిన క్షేత్రాన్ని ఫ్రెంచి మాటలో "ఫెర్మ్ ఒర్నే" అంటారు, అలంకరించిన పొలం అని అర్థం. జాబితాకు ఎక్కించినవాళ్ళు ముఖ్యంగా మెచ్చుకున్నది ఈ కలయికనే. దానంతట అది ఎదిగిన పని నేల, కావాలని గీసుకున్న అందమైన నేల, రెండూ ఒకటే కావడం అరుదు. మా అమ్మాయి ఇంత వివరం విని "అంటే పొలం గట్టు మీద బంతిపూలు నాటినట్టా నాన్నా" అంది. దాదాపు అంతే.

కోట పక్కన చర్చి చూశారా? అది వాత్స్లావ్, లియోపోల్డ్ అనే ఇద్దరు సాధువుల పేరిట ఉంది. మొదటివాడు చెక్ నేలకు, రెండోవాడు ఆస్ట్రియాకు రక్షకులుగా భావించేవాళ్ళు. ఏలుబడి వియన్నాది, నేల బొహీమియాది (చెక్ నేలకు పాత పేరు) అని ఒక్క గుమ్మం మీదే రాసిపెట్టినట్టుంటుంది.

ఇంత నిరాటంకంగా సాగిందని నేను రాస్తుంటే కష్టాలే లేవనుకుంటారేమో. 1757లో ఏడేళ్ళ యుద్ధం నడుస్తుండగా పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. భవనాలతోపాటు అప్పటిదాకా రాసుకున్న వంశావళి పుస్తకాలు కాలిపోయాయి. మా వృత్తిలో ఇది గుర్రాలు పోయినంత నష్టం. ఏది ఎవరి బిడ్డో తెలియకపోతే రెండు వందల ఏళ్ళ ఏరివేత గాలికి పోయినట్టే. గుర్రాలను వేరేచోటికి తరలించారు, 1770 తర్వాత రెండవ జోసెఫ్ చక్రవర్తి మళ్ళీ నిలబెట్టాడు. అందుకే ఇప్పుడున్న తెల్ల గుర్రాల వంశం లెక్క ఆ తర్వాతి కాలం నుంచే మొదలవుతుంది. 1787లో పుట్టిన జెనెరాలే, 1797లో పుట్టిన జెనెరాలిస్సిమస్, ఈ రెండు పేర్లూ ఈనాటికీ శాలల మీద రాసిన పలకల్లో కనిపిస్తాయి. మన ఇంటిపేర్లలాగా మగగుర్రానికి ఆ మూలపురుషుడి పేరు వస్తుంది. మీరు ఫోటో పంపిన పలక మీద ఉన్నది గుర్రం పదవి కాదండీ, గోత్రం అనుకోండి.

నల్ల గుర్రాల మాట మీరు అడగలేదు, ఎందుకంటే మీకు కనిపించి ఉండవు. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైనవి అవే. రాజదర్బారు ఉత్సవాలకు తెల్లవి, అంత్యక్రియలకూ పెద్ద మతాధికారుల బండ్లకూ నల్లవి వాడేవాళ్ళు. 1916 నవంబర్ 30న ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి శవపేటికను వియన్నా వీధుల్లో లాగింది ఎనిమిది నల్ల గుర్రాలు. రెండేళ్ళకు సామ్రాజ్యమే పోయింది. 1918లో పుట్టిన కొత్త చెకొస్లొవాక్ గణతంత్రానికి ఈ గుర్రాలు వారసత్వంగా మిగిలాయి. చక్రవర్తి లేడు, ఊరేగింపు లేదు, మేత ఖర్చు మాత్రం అలాగే ఉంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. పైగా అవి పోయిన దొరతనపు గుర్తులు, కొత్త ప్రభుత్వంలో వాటిమీద జాలిపడేవాళ్ళు ఎక్కువమంది లేరు. తెల్లవి ఎలాగో బతికాయి. నల్ల మందను 1930లలో చెదరగొట్టేశారు, చాలావాటిని మాంసానికి అమ్మేశారు. రాతితో కట్టింది కూలిస్తే నక్షా చూసి మళ్ళీ కట్టొచ్చు. ఈ నష్టానికి నక్షా ఉండదు.

అప్పుడు ఫ్రాంటిషెక్ బీలెక్ అనే ఆచార్యుడు ముందుకొచ్చాడు. 1938 నుంచి, దొరికిన కొద్ది నల్ల గుర్రాలను కూడబెట్టి పెంపకం మొదలుపెట్టాడు. యుద్ధం ముగిశాక ఆ మందకు స్లతిన్యానిలో చోటు దొరికింది. క్లద్రుబికి ఆగ్నేయంగా, కారులో గంటలోపు దూరం. సంఖ్య మరీ తక్కువ కావడంతో దగ్గరి బంధువుల మధ్యే కలపాల్సిన ప్రమాదం వచ్చి, బయటి రక్తం కూడా ఎక్కించారు. అందులో ఒకటి హాలండ్ నుంచి వచ్చిన నల్లని ఫ్రిసియన్ జాతి మగగుర్రం రోమ్కె, దాని పేరుతో ఒక వంశం ఇప్పటికీ నడుస్తోంది. ఆ పని 1970ల దాకా సాగింది. స్లతిన్యాని కోటలో గుర్రాల మ్యూజియం ఉంది, అది కూడా బీలెక్ చొరవే. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పూట అటు కేటాయించండి. క్లద్రుబి చూసినవాళ్ళు స్లతిన్యాని చూడకపోతే కథ సగమే విన్నట్టు.

తెల్ల గుర్రం గురించి మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు: అవును, పచ్చికలో తల్లి పక్కన కనిపించిన నల్లని పిల్ల ఆ తెల్ల తల్లిదే. మార్పిడి జరగలేదు. ఇవి ముదురు రంగులోనే పుడతాయి. ఏటేటా బూడిద చల్లినట్టు వెంట్రుక రంగు దిగుతూ, ఆరు నుంచి పదేళ్ళ వయసుకు తెల్లబడతాయి. వెంట్రుకే తెలుపు, చర్మం నలుపే. వానలో తడిసిన తెల్ల గుర్రాన్ని దగ్గరగా చూడండి, మూతి దగ్గర, కళ్ళ చుట్టూ, తొడల లోపల సీసం రంగు బయటపడుతుంది. వయసు మళ్ళాక ఇలాంటి గుర్రాలకు తోక కింద నల్లని కణుతులు రావడం మామూలు. క్లద్రుబిలో ఒక ముసలి ఆడగుర్రం తోక ఎత్తి చూస్తుంటే అక్కడి పనిమనిషి, డెబ్బై ఏళ్ళాయన, నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు. భాష రాకపోయినా అర్థమైంది, "దాని వయసుకు మర్యాద ఇవ్వు" అని. ఆ మాత్రం గౌరవం మా జట్కా గుర్రానికి ఎప్పుడూ దక్కలేదు.

అంతర్జాలంలో ఒక పొరపాటు చక్కర్లు కొడుతోంది, మీ ప్రశ్నలోనూ దొర్లింది. 1945లో అమెరికా సైనికులు గుర్రాలను కాపాడిన కథ క్లద్రుబిలో జరగలేదు. అది పడమటి సరిహద్దు దగ్గరి హొస్తౌన్య్ అనే చోట, ఏప్రిల్ చివర్లో జరిగింది, అక్కడ ముఖ్యంగా లిపిజ్జానర్లు ఉన్నాయి.

యుద్ధం మాట వస్తే నాకు గుర్తొచ్చేది త్రాకెనెన్. 1732లో ప్రష్యా రాజు చిత్తడినేలను ఎండబెట్టించి పెట్టిన అశ్వక్షేత్రం అది, ఒకప్పుడు క్లద్రుబిని మించిన పేరు. 1944లో ఎర్రసైన్యం దగ్గరపడుతుంటే గుర్రాలను తరలించారు. చావగా మిగిలినవాటి సంతానం ఇప్పుడు జర్మనీలో పుడుతోంది, జాతి పేరు త్రాకెనరే. ఊరేమో రష్యా కాలినిన్‌గ్రాద్ ప్రాంతంలో ఉండిపోయింది, పేరు కూడా మారిపోయింది. పాత ద్వారం ఉంది, దాని గుండా నడిచే ఆ గుర్రం లేదు. జాతి ఒకచోట, నేల ఒకచోట. క్లద్రుబిలో ఈ రెండూ విడిపోలేదు, అందుకే మీరు చూసిన "ఉత్త గడ్డి"కి అంత విలువ కట్టారు. లిపిజ్జానర్ల విషయంలో ఇంకో దారి పట్టారు. ఆ జాతి ఎనిమిది దేశాల్లో పరుచుకుని ఉంది కాబట్టి, 2022లో దాని పెంపకపు సంప్రదాయాన్ని కంటికి కనిపించని వారసత్వపు జాబితాలో చేర్చారు. అక్కడ విద్యకు గుర్తింపు, క్లద్రుబిలో విద్య నేర్పిన నేలకు గుర్తింపు.

మన వైపు ఇలాంటిది ఎందుకు లేదని కూడా అడిగారు. దక్కన్ వాతావరణం గుర్రానికి కలిసిరాదు, పచ్చిక తక్కువ, ఎండ ఎక్కువ. విజయనగర రాజులు హోర్ముజ్ నుంచి ఓడల్లో దిగే గుర్రాలను గోవా, భట్కల్ రేవుల్లో పోటీపడి కొన్నారు. వాళ్ళ డబ్బు పచ్చికల మీదికి కాకుండా రేవుల మీదికి వెళ్ళింది. యుద్ధానికి వేలల్లో కావాలి, వెంటనే కావాలి. క్లద్రుబికి ఏటా కావలసింది కొద్ది గుర్రాలే, కానీ అన్నీ ఒకే ఎత్తులో, ఒకే రంగులో, ఒకే అడుగు వేయాలి. గిరాకీ తీరు వేరైతే నేల తీరూ వేరే.

ఇప్పుడు ఆ గుర్రాలు ఏం చేస్తున్నాయంటారా? చెక్ ప్రభుత్వ ఆధ్వర్యంలోనే పెంపకం సాగుతోంది. బండి తోలే పోటీల్లో దిగుతాయి, సవారీకి వెళ్తాయి. డెన్మార్క్ రాజకుటుంబపు బండ్లను లాగేవి ఇవే, కోపెన్‌హాగెన్ రాజప్రాసాదపు శాలల్లో చూడొచ్చు. అంటే పాత ఉద్యోగం పూర్తిగా పోలేదు, యజమాని మారాడు.

మళ్ళీ వెళ్ళే ఉద్దేశముంటే నా మాట వినండి. మే నెల మంచిది, పిల్లలు తల్లుల వెంట పచ్చికలో ఉంటాయి. కారులో నేరుగా శాల ముందు దిగకండి. పార్దుబిత్సె వెళ్ళే లైనులో, అన్ని స్టేషన్లలో ఆగే రైలు ఎక్కి, ర్జెచని నద్ లబెమ్‌లో దిగి నడవండి, సైకిళ్ళుంటే మరీ మంచిది. నది దాటుతూ వెళ్తే నేల ఎంత చదునో కాళ్ళకు తెలుస్తుంది. ఉదయం ఆడగుర్రాలను మందగా పచ్చికకు వదిలే వేళకు చేరుకోండి. ముందు కాలువ చూడండి, తర్వాత చెట్ల బాట, శాలలు ఆఖరుకు. గైడు వెంట లోపల చూసే పర్యటనలు ఉన్నాయి, అవి ఎండ ఎక్కాక పెట్టుకోండి. కంచె దగ్గరికి గుర్రం వస్తే చెయ్యి చాచవద్దు, ఏమీ తినిపించవద్దు. రొట్టెముక్క ప్రేమగా పెట్టి కడుపునొప్పి తెప్పించినవాళ్ళను నా ఉద్యోగ జీవితంలో చాలామందిని చూశాను. తిరుగు ప్రయాణంలో పార్దుబిత్సెలో ఆగి పిల్లలకు అక్కడి అల్లం తేనె బిస్కెట్లు కొనిపెట్టండి, ఆ ఊరు వాటికి ప్రసిద్ధి.

అందరూ బూట్లు వేసుకోండి. చెప్పులైతే ఆ బాటలో పది అడుగులకే ఇసుక నిండుతుంది.